46 ప్రమాణాల్లోంచి రెండు లక్ష్యాలు: శాలాసిద్ధి డేటాతో హెచ్ఎం వార్షిక లక్ష్యాలు రాసుకునే పద్ధతి

బడి తన పనితీరును తానే అంచనా వేసుకునే శాలాసిద్ధి స్వీయ మూల్యాంకనం నింపడానికి బడిలో అందరూ కష్టపడతారు. పోర్టల్‌లో సబ్మిట్ చేశాక ఆ నివేదికను మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ. జూన్‌లో కాంప్లెక్స్ (దగ్గర్లోని బడుల సముదాయం) మీటింగ్‌లో లక్ష్యాలు అడిగితే మాత్రం 'హాజరు పెంచుతాం, ఫలితాలు మెరుగుపరుస్తాం' అని రాసి ఇస్తారు. ఆ రెండు కాగితాలనూ కలిపితేనే పని జరుగుతుంది. ఎలా కలపాలో హెచ్ఎంలకూ (ప్రధానోపాధ్యాయులు), వాళ్లతో కూర్చుని లక్ష్యాలు ఖరారు చేసే కాంప్లెక్స్ హెచ్ఎంలకూ, ఎంఈఓలకూ (మండల విద్యాధికారులు) పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాం.

చేతిలో ఉన్న డేటా

జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 2015లో తెచ్చిన శాలాసిద్ధిలో ఏడు రంగాలు, వాటి కింద 46 ప్రమాణాలు ఉన్నాయి. వనరులకు 12, బోధన–అభ్యసనం–మదింపుకు 9, పిల్లల ప్రగతికి 5, ఉపాధ్యాయుల పనితీరు, వృత్తిపరమైన ఎదుగుదలకు 6, నాయకత్వం, నిర్వహణకు 4, సమ్మిళిత విద్య, ఆరోగ్యం, భద్రతకు 5, సమాజ భాగస్వామ్యానికి 5. ప్రతి ప్రమాణానికీ ఒకటి నుంచి మూడు దాకా స్థాయి ఇస్తాం. మెరుగుదల ఎంత అత్యవసరమో కూడా పక్కనే గుర్తిస్తాం.

హెచ్ఎం పనికి నేరుగా సంబంధించింది అయిదో రంగం. బడికి దిశ చూపడం, మార్పును నడిపించడం, బోధనాభ్యసనానికి నాయకత్వం వహించడం, బడి నిర్వహణ అనే నాలుగు ప్రమాణాలు అందులో ఉన్నాయి. నాలుగో రంగంలోని ఆరూ హెచ్ఎం చేతి మీదుగా నడిచేవే: కొత్త టీచర్లకు పని పరిచయం చేయడం, టీచర్ల హాజరు, బాధ్యతల పంపకం, మారే పాఠ్యప్రణాళికకు సిద్ధం చేయడం, పనితీరు పరిశీలన, వృత్తిపరమైన ఎదుగుదల. మొత్తం పది. లక్ష్యాల కోసం ముందు ఈ పదింటినే చదవండి. మిగతా 36 ప్రమాణాలు ఈ పది ఎలా నడుస్తున్నాయో చూపించే ఆనవాళ్లు.

నివేదికతో పాటు బల్ల మీద ఉండాల్సినవి: యూడైస్ ప్లస్ (బడుల వివరాల జాతీయ పోర్టల్) రిపోర్ట్ కార్డు, గత ఏడాది హాజరు పట్టీలు, ఎఫ్ఏ (నిర్మాణాత్మక మదింపు), ఎస్ఏ (సంగ్రహణాత్మక మదింపు) మార్కుల రిజిస్టర్, టీచర్ల సెలవుల రిజిస్టర్, తరగతి పరిశీలన పుస్తకం, స్టాఫ్ మీటింగ్ మినిట్స్, ఎస్ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) తీర్మానాల పుస్తకం. వీలైతే రెండేళ్లవి. కొత్తగా ఏ ఫార్మాటూ తయారు చేయించొద్దు. బడిలో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లతో తేలని లక్ష్యం ఏడాది పొడవునా నిలవదు.

2021 నాటి జాతీయ సాధన సర్వే గానీ, 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ (జాతీయ మదింపు కేంద్రం) సర్వే గానీ ఒక బడి లక్ష్యానికి ఆధారం కావు. అవి శాంపిల్ సర్వేలు. జిల్లాలో మూడో తరగతి పిల్లలు గణితంలో ఎక్కడ తడబడుతున్నారో అవి చెబుతాయి, మీ బడి మూడో తరగతి సంగతి చెప్పవు. జిల్లా శాతాన్ని తెచ్చి బడికి లక్ష్యంగా అంటించడం చాలా చోట్ల కనిపించే పొరపాటు.

స్థాయిని నమ్మే ముందు

స్వీయ మూల్యాంకనంలో స్థాయిలు పెరగడానికే మొగ్గు చూపుతాయి. పోయినేడు రెండు పెట్టాం కాబట్టి ఈసారి మూడు పెట్టకపోతే ఏమనుకుంటారో అన్న భయం ఒక కారణం. ఒక్కరే కంప్యూటర్ ముందు కూర్చుని 46 ప్రమాణాలూ ఒకే పూటలో నింపేయడం ఇంకో కారణం. అందుకే లక్ష్యానికి వాడే ముందు ఈ పది ప్రమాణాల స్థాయిలను మళ్లీ తూచాలి.

ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి. ప్రమాణం, ఇచ్చిన స్థాయి, ఆ స్థాయికి రుజువు, రుజువు తేదీ. రుజువు అంటే వేరే మనిషి వచ్చి చూసినా కనిపించేది. 'టీచర్ల పనితీరు పరిశీలన: స్థాయి 3' అని ఉంటే పరిశీలన పుస్తకంలో ఎన్ని నమోదులు ఉన్నాయో లెక్కపెట్టండి. ఏడాదిలో ఐదే ఉండి, ఐదూ 'బోధన బాగుంది, టీఎల్ఎం (బోధనోపకరణాలు) వాడారు' అని ఒకే తీరుగా ఉంటే అది మూడు కాదు. రుజువు గడి ఖాళీగా ఉన్న ప్రతి ప్రమాణాన్నీ ఆ పూటకు ఒక స్థాయి తగ్గించి చూడండి. పోర్టల్‌లో దిద్దనక్కర్లేదు, మీ పని కాగితం మీద చాలు.

తర్వాత టీచర్ల చేత విడిగా స్థాయిలు రాయించండి. చిన్న చీటీ, పది ప్రమాణాలు, పేరు రాయొద్దు, ప్రతిదానికీ ఒకటి, రెండు లేదా మూడు. చీటీలు పోగయ్యాక సగటు తీయకండి. స్థాయి మూడు అంటే స్థాయి ఒకటికి మూడింతలు అని కాదు, అవి వరసలు మాత్రమే. ఎనిమిది మంది టీచర్లుంటే ఎంతమంది ఒకటి, ఎంతమంది రెండు, ఎంతమంది మూడు పెట్టారో అలాగే ఉంచి చూడండి. నలుగురు ఒకటి, నలుగురు మూడు పెట్టారంటే సగటు రెండు వస్తుంది, కానీ అక్కడ ఒక్కరు కూడా రెండు అనలేదు. బడిలో సగం మందికి అందుతున్నదేదో మిగతా సగానికి అందడం లేదన్నమాట. చర్చ మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

హెచ్ఎం మూడు పెట్టిన చోట ఎక్కువమంది టీచర్లు ఒకటి పెడితే వెంటనే సంజాయిషీ ఇవ్వాలనిపిస్తుంది. ఆగండి. 'ఏం జరిగితే దీన్ని రెండు అంటారు?' అని ఒక్క ప్రశ్న వేసి, వచ్చిన జవాబులు రాసుకోండి. లక్ష్యానికి కావాల్సిన మాటలు సగం అక్కడే దొరుకుతాయి.

ఇద్దరు ముగ్గురు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో ఈ చీటీల పద్ధతి పనిచేయదు. చేతిరాత చూస్తేనే ఎవరిదో తెలిసిపోతుంది. అక్కడ కాంప్లెక్స్‌లోని నాలుగైదు బడుల హెచ్ఎంలు కలిసి కూర్చుని ఒకరి రుజువులు మరొకరు చూసుకోవడం మేలు.

సగటు వెనక పిల్లల పేర్లు

నాయకత్వ ప్రమాణం బలహీనంగా ఉందని తేలాక, దాని ప్రభావం పిల్లల మీద ఎక్కడ పడుతోందో అంకెల్లో చూడాలి. ఇక్కడ శాతాలు మోసం చేస్తాయి.

ఎనిమిదో తరగతిలో 42 మంది, నెలలో 24 పనిదినాలు అనుకుందాం. అందరూ రోజూ వస్తే 1008 హాజర్లు పడాలి. పడ్డవి 786. అంటే 78 శాతం. 'హాజరు 78 నుంచి 90కి' అని లక్ష్యం రాసేయడం తేలిక. ఇప్పుడు అదే పట్టీలో 18 రోజుల కంటే తక్కువ వచ్చినవాళ్ల పేర్ల పక్కన పెన్సిల్ చుక్క పెట్టండి. పదకొండు మంది తేలారనుకోండి. తరగతి మొత్తం గైర్హాజర్లు 222 అయితే, అందులో 150 ఈ పదకొండు మందివే. మిగతా 31 మంది సగటున నెలకు రెండు మూడు రోజులే మానారు. ఇక తరగతి అంతటికీ హాజరు ప్రాధాన్యం మీద ప్రసంగం చేస్తే వినేది రోజూ వచ్చే పిల్లలే. హెచ్ఎం పని ఆ పదకొండు ఇళ్లలో ఉంది: ఎవరు పత్తి తీతకు వెళ్తున్నారు, ఎవరు చంటిపిల్లను చూసుకుంటున్నారు, ఎవరి బస్సు ఆగిపోయింది.

చిన్న తరగతుల్లో శాతం వాడనే వద్దు. తొమ్మిది మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లాడు మారితే 11 శాతం కదులుతుంది. 'ఆరుగురి నుంచి ఎనిమిది మందికి' అని మనుషుల్లోనే రాయండి.

మార్కుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఎఫ్ఏ మార్కుల్లో ప్రాజెక్టులు, రాత పనులు కలిసి ఉంటాయి, వాటిని ఎస్ఏ మార్కులతో పోల్చితే పిల్లలు పెరిగినట్టో తగ్గినట్టో లేనిపోనివి కనిపిస్తాయి. ముందూ వెనకా ఒకే రకమైన చిన్న పరీక్ష పెట్టడమే సరైన దారి. చదవడానికైతే మూడో తరగతి స్థాయిలో పిల్లలు ముందు చూడని పేరా, 60 పదాల లోపు. ఒక్కొక్కరినీ విడిగా చదివించి, రెండు ప్రశ్నలు అడగాలి. ఒక్కరికి మూడు నిమిషాలు, 38 మంది తరగతికి రెండు గంటలు. ఇద్దరు టీచర్లు పంచుకుంటే మూడు రోజుల్లో మధ్యాహ్న భోజనం తర్వాతి కాసేపట్లో అయిపోతుంది. ఆ తరగతికి చెప్పే టీచర్ కాకుండా వేరొకరు పరీక్షించాలి. చివర్లో అదే స్థాయిలో కొత్త పేరా ఇవ్వాలి. పాతదే ఇస్తే కంఠస్థం వచ్చేస్తుంది.

ఏది ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి

ఏడాదికి రెండు లక్ష్యాలు చాలు. ఆరేడు రాసిన హెచ్ఎం ఆగస్టు కల్లా ఏదీ చేయడు. ఆ లోపు పంద్రాగస్టు, యూడైస్ అప్‌డేట్లు, ఎఫ్ఏలు, శిక్షణలు వచ్చిపడతాయి.

వడపోతకు మూడు ప్రశ్నలు. ఇది హెచ్ఎం చేతిలో ఉన్నదేనా? జరిగితే ఏ పిల్లలకు ఏం మారుతుందో ఒక వాక్యంలో చెప్పగలమా? మూడు నెలల్లో ఏదైనా ఆనవాలు కనిపిస్తుందా? మూడింటికీ అవునని వస్తేనే ఉంచండి.

మొదటి ప్రశ్నకే చాలా పడిపోతాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికంలో 30 మందికి, ప్రాథమికోన్నతంలో 35 మందికి ఒక టీచర్ ఉండాలి. లేకపోతే ఆ ఖాళీ నింపడం హెచ్ఎం లక్ష్యం కాదు. ప్రహరీ, అదనపు గదులు, ల్యాబ్ కూడా అంతే. కానీ వాటిని వదిలేయొద్దు. వేరే కాగితం మీద రాసి, ఎస్ఎంసీలో తీర్మానం చేసి, అదే చట్టం 22వ సెక్షన్ చెప్పిన పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో చేర్చి, ఒక ప్రతి ఎంఈఓ చేతికివ్వండి. లక్ష్యాల మీటింగ్‌లో ఎంఈఓ ఆ కాగితం తీసుకుని 'ఇది నా వంతు' అనగలగాలి. ఇలా విడదీయకపోతే మాటలన్నీ ఖాళీల మీదే నడుస్తాయి, హెచ్ఎం చేయగలిగిన దాని ఊసే రాదు.

రెండిట్లో ఒకటి తప్పనిసరిగా బోధనకు సంబంధించిందై ఉండాలని మా గట్టి అభిప్రాయం. నిర్వహణ ప్రమాణాలు తేలిగ్గా పూర్తవుతాయి, ఫొటోలకు కూడా బాగుంటాయి. బోధనకు నాయకత్వం వహించడం కష్టం, అందుకే అది ఎప్పుడూ 'తర్వాత చూద్దాం'లోకి పోతుంది.

లక్ష్యం రాసే తీరు

'బోధనాభ్యసన నాయకత్వంలో స్థాయి 1 నుంచి స్థాయి 3కి చేరతాం' అని రాయకూడదు. స్థాయిని ఇచ్చుకునేది మనమే, పెంచుకునేదీ మనమే. మార్చి నాటికి అది మూడు అయిపోతుంది, తరగతి గదిలో ఏమీ మారదు. స్థాయి సమస్య ఎక్కడుందో చూపించాలి, అంతవరకే దాని పని.

లక్ష్యంలో రెండు పాదాలు ఉండాలి. ఒకటి హెచ్ఎం చేసే పని, లెక్కపెట్టగలిగేది. రెండోది పిల్లల్లో కనిపించాల్సిన మార్పు. వాటి చుట్టూ ఇప్పటి పరిస్థితి, రుజువు, సమీక్ష తేదీ, పైనుంచి కావాల్సిన సాయం. ఎనిమిది మంది టీచర్లున్న ఒక ఉన్నత పాఠశాలకు నమూనా ఇది:

'ప్రమాణం: బోధనాభ్యసనానికి నాయకత్వం. ఇప్పటి పరిస్థితి: గత ఏడాది పరిశీలన పుస్తకంలో 5 నమోదులు. ఆరో తరగతిలో 38 మందిలో 17 మంది మూడో తరగతి స్థాయి పేరా సొంతంగా చదవలేకపోతున్నారు (జూలై మొదటి వారం పరీక్ష). నేను చేసేది: జూలై మధ్య నుంచి సంక్రాంతి సెలవుల దాకా వారానికి రెండు పీరియడ్లు మొదటి నుంచి చివరి వరకు చూస్తాను, అందులో ఒకటి ఆరో తరగతిలో. రెండు పనిదినాల్లోపు ఆ టీచర్‌తో పది నిమిషాలు మాట్లాడి, ఇద్దరం ఒప్పుకున్న ఒక్క మార్పును రాసుకుంటాం. పిల్లల్లో మార్పు: ఆ 17 మందిలో కనీసం 11 మంది జనవరి చివరి వారంలో అదే స్థాయి కొత్త పేరా చదివి, రెండు ప్రశ్నలకు జవాబు చెబుతారు. రుజువు: పరిశీలన పుస్తకం, పిల్లలవారీ చెక్‌లిస్టు. కావాల్సిన సాయం: మంగళ, గురువారాల్లో మూడో పీరియడ్ వేళ నన్ను ఆఫీసు మీటింగులకు పిలవకుండా చూడటం.'

ఇది మోయగలిగే బరువేనా అని లెక్క చూసుకోవాలి. సెలవులు, పరీక్షలు పోగా దాదాపు 20 వారాలు, 40 పరిశీలనలు, టీచర్‌కు తలా ఐదు. పీరియడ్ 45 నిమిషాలు, మాట్లాడేందుకు పది, వారానికి 110 నిమిషాలు. హెచ్ఎం తాను చెప్పే పీరియడ్లు పోను ఇంత సమయం ఉందా? లేకపోతే రాసే రోజే వారానికి ఒకటికి తగ్గించుకోవాలి. తగ్గించి రాసి పూర్తి చేయడం మంచిది.

రెండు పాదాలకూ ముడి ఉందో లేదో కూడా చూడండి. తరగతి చూసినంత మాత్రాన పిల్లలకు చదవడం రాదు. అందుకే పరిశీలనలో ఏం చూడాలో ముందే ఖాయం చేసుకోవాలి. గది బెంచీల వరసలు ఒక కాగితం మీద గీసుకుని, ప్రతి గడిలో పిల్లల పేరు రాసుకోండి. పీరియడ్ నడుస్తుంటే ఎవరు చదివినా, జవాబు చెప్పినా, బోర్డు దగ్గరికి వెళ్లినా వాళ్ల గడిలో ఒక గీత. గంట కొట్టేసరికి ముందు రెండు బెంచీల్లో గీతలు కిక్కిరిసి, వెనక వరసల గడులు తెల్లగా ఉండొచ్చు. చదవలేని ఆ 17 మంది పేర్లలో ఎన్ని ఆ తెల్ల గడుల్లో ఉన్నాయో చూడండి. టీచర్‌తో మాట్లాడేటప్పుడు అభిప్రాయం చెప్పనక్కర్లేదు, ఆ కాగితం ఇద్దరి మధ్యా పెడితే చాలు. 'రేపటి నుంచి ఈ ముగ్గురి చేత రోజూ రెండు వాక్యాలు చదివిస్తాను మేడమ్' అన్న మాట టీచర్ నోటి నుంచే వస్తే, రాసుకోవాల్సిన మార్పు అదే.

సమీక్ష

మన క్యాలెండర్‌కు సరిపోయేవి మూడు తేదీలు. బడి తెరిచేది జూన్ 12న కాబట్టి జూలై మొదటి వారంలో ఆధారరేఖ పరీక్ష, రెండో వారంలో లక్ష్యాల ఖరారు. దసరా సెలవుల ముందు మొదటి సమీక్ష. సంక్రాంతి తర్వాత రెండోది, అసలు లెక్క తేలేది అప్పుడే. ఫిబ్రవరి, మార్చి నెలలకు ఏమీ పెట్టుకోకండి. ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి ప్రత్యేక తరగతులు, పరీక్షలు తప్ప ఇంకేవీ నడవవు.

సమీక్షకు అరగంట చాలు, కానీ ఫోన్లో కాదు, బడిలో. ముందు పని జరిగిందా అని చూడండి, తర్వాతే ఫలితం. పని జరిగి ఫలితం రాలేదంటే ఎంచుకున్న పని తప్పు, మనిషి తప్పు కాదు. పని మార్చండి. పనే జరగలేదంటే అడ్డం ఏమిటో అడగండి. ఎక్కువసార్లు అది ఆఫీసు నుంచి వచ్చిన పిలుపులే అవుతాయి, సరిచేయాల్సింది ఎంఈఓనే. పని జరగకుండానే ఫలితం వచ్చిందంటే పరీక్ష ఎవరు పెట్టారో, ఏ పేరా ఇచ్చారో ఒకసారి చూడండి.

దెబ్బతినే చోట్లు

అన్నిటికంటే చేటు చేసేది స్థాయిలను మండల వాట్సాప్ గ్రూపులో ర్యాంకులుగా పెట్టడం. ఒక్కసారి పెడితే చాలు, మరుసటి ఏడాది ఏ బడీ ఒకటి అని రాయదు, డేటా మొత్తం పనికిరాకుండా పోతుంది. నిజాయతీగా తక్కువ స్థాయి రాసుకున్న హెచ్ఎంకు సాయం ముందు అందాలి. ఆ సంగతి కాంప్లెక్స్‌లో అందరికీ తెలియాలి కూడా.

సంతకాన్ని రుజువుగా తీసుకోవడం మరొకటి. ఎస్ఎంసీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెబుతుంది. తీర్మానాల పుస్తకంలో అందరి సంతకాలూ ఉంటాయి. మీటింగ్‌లో తల్లిదండ్రులు లేవనెత్తిన విషయం ఒకటైనా రాసి ఉందా, దాని మీద ఏం చేశారో తర్వాతి మీటింగ్‌లో చెప్పారా అని చూస్తే సమాజ భాగస్వామ్యం అసలు స్థాయి తెలుస్తుంది.

పరిశీలనను తనిఖీగా మార్చడం మూడోది. గీతల కాగితాన్ని సర్వీసు వ్యవహారాలకు వాడతారన్న అనుమానం వస్తే టీచర్లు హెచ్ఎం వచ్చిన రోజు మాత్రమే వెనక బెంచీల వాళ్లను లేపుతారు. ఆ కాగితం టీచర్ దగ్గరే ఉంచేయండి. పుస్తకంలోకి ఒప్పుకున్న మార్పు, తేదీ మాత్రమే వెళ్లాలి.

ఇక బదిలీలు. ఏడాది మధ్యలో హెచ్ఎం మారితే లక్ష్యం గాల్లో కలిసిపోతుంది. ఎఫ్ఏసీ (పూర్తి అదనపు) బాధ్యతల్లో ఉన్నవాళ్లకైతే అసలు లక్ష్యం ఉన్న సంగతే తెలియదు. చార్జి అప్పగించే జాబితాలో క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్‌తో పాటు ఈ మూడూ చేర్చండి: లక్ష్యాల కాగితం, పేర్లతో ఉన్న పిల్లల చెక్‌లిస్టు, పరిశీలన పుస్తకం. కొత్త హెచ్ఎం మొదటి రెండు వారాలు పాత లక్ష్యాన్నే నడిపి, తర్వాత మార్చుకోవాలనుకుంటే 'నేను చేసేది' అన్న పాదాన్ని మార్చుకోవచ్చు. పిల్లల పేర్ల జాబితా మాత్రం జనవరి పరీక్ష దాకా అలాగే ఉండాలి.